సముద్రం చదువుతానన్న మన పిల్లలకు అండగా నిలవడం ఎలా? (నల్గొండ, పాలమూరు వాళ్ల కోసం)

ఇది పిల్లల కోసం రాసింది కాదు, వాళ్ల వెనక ఉండే వాళ్ల కోసం. అమ్మానాన్నలు, అన్నలు, డిగ్రీ కాలేజీ లెక్చరర్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ "మన ఊరి పిల్లలకు ఏదన్నా చేద్దాం" అనుకునే వాళ్లు, అందరూ చదవొచ్చు. ఇంజినీరింగ్‌కి, నర్సింగ్‌కి, గ్రూప్స్ కోచింగ్‌కి ఎట్లా సాయం చేయాలో మన వైపు అందరికీ తెలుసు. అదే దేవరకొండ నుంచో, అచ్చంపేట నుంచో ఒక పిల్ల లేచి ఓషనోగ్రఫీలో, అంటే సముద్ర శాస్త్రంలో, ఎంఎస్సీ చేస్తా, ఆ తర్వాత పీహెచ్‌డీ చేస్తా అంటే ఇంట్లో వినిపించే మొదటి మాట "మనకు సముద్రం యాడుంది బిడ్డా", రెండో మాట "అంటే నేవీలోనా?". ఈ రెండింటికీ జవాబు మీ దగ్గర ఉంటే సగం పని అయినట్టే. మిగతా సగంలో కూడా పెద్ద డబ్బు కావాల్సిన పనులు తక్కువ, సమయానికి చేయాల్సిన చిన్న పనులే ఎక్కువ.

ముందు అది ఏ చదువో మీరు తెలుసుకోండి

మర్చంట్ నేవీ వేరు, ఇండియన్ నేవీ వేరు, సముద్ర శాస్త్రం వేరు. "మెరైన్" అనే మాట కనపడగానే లక్షలు అడిగే ఏజెంట్లు తగులుతారు, ఓడలో ఉద్యోగం గ్యారంటీ అంటారు, వాళ్ల జోలికి పోకండి. మనం మాట్లాడేది యూనివర్సిటీ చదువు గురించి, దానికి ఏజెంటుతో పనే లేదు.

పిల్లలు డిగ్రీలో ఏం చదివారో దాన్నిబట్టి దారి ఉంటుంది. మ్యాథ్స్, ఫిజిక్స్ వాళ్లు అలలు, ప్రవాహాలు, తుపాన్లు, కంప్యూటర్ మోడల్స్ వైపు పోతారు. కెమిస్ట్రీ వాళ్లకు సముద్రపు నీటి రసాయనం, కాలుష్యం. బైపీసీ నుంచి వచ్చిన వాళ్లకు మెరైన్ బయాలజీ, లేదా ఫిషరీస్. జియాలజీ వాళ్లకు సముద్రం అడుగు, తీరం కోత. సివిల్ ఇంజినీరింగ్ వాళ్లకు కోస్టల్ ఇంజినీరింగ్ ఉంది, ఐఐటీ మద్రాసులో ఓషన్ ఇంజినీరింగ్ విభాగం, సూరత్కల్ ఎన్ఐటీలో జలవనరులు, ఓషన్ ఇంజినీరింగ్ విభాగం ఉన్నాయి. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు కూడా చోటుంది, ఈ రంగంలో ఇప్పుడు డేటా పని అంతా ఇంతా కాదు.

బైపీసీ పిల్లలకు ఒక మాట. పాత పాలమూరు జిల్లాలోనే, వనపర్తి దగ్గర పెబ్బేరులో ఫిషరీస్ కాలేజీ ఉంది, పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీది. ఇంటర్ తర్వాత అక్కడ బీఎఫ్ఎస్సీ (ఫిషరీస్ డిగ్రీ) చేసి, ఆ తర్వాత ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ పరీక్ష రాసి ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థకు, అంటే సిఫేకు పోవచ్చు. నీట్ రాయకపోతే బతుకే లేదనుకునే ఇళ్లలో ఈ కాలేజీ పేరు కనీసం ఒక్కసారైనా వినపడాలని నా కోరిక.

ఇక "సముద్రం యాడుంది" అన్నదానికి జవాబు. సముద్రం లోపలి సమాచారమంతా చూసే జాతీయ సంస్థ ఇంకాయిస్ హైదరాబాద్‌లోనే, ప్రగతి నగర్‌లో ఉంది. 1999లో పెట్టారు, 2007 నుంచి దేశానికి సునామీ హెచ్చరికలు ఇచ్చేది అక్కడి నుంచే, ఏ నీళ్లలో చేపలు దొరికే అవకాశం ఉందో మత్స్యకారులకు చెప్పేదీ వాళ్లే. సముద్రాన్ని పై నుంచి చూసే ఓషన్‌శాట్ ఉపగ్రహాల డేటా అందుకునే ఇస్రో వాళ్ల ఎన్ఆర్ఎస్‌సీ స్టేషన్ షాద్‌నగర్‌లో ఉంది, అది కూడా పాత మహబూబ్‌నగర్ జిల్లాయే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భూమి, సముద్రం, వాతావరణ శాస్త్రాలకు ప్రత్యేక కేంద్రం ఉంది. ఉప్పల్ ఎన్జీఆర్ఐలో (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) సముద్రం అడుగున ఉండే గ్యాస్ హైడ్రేట్ల మీద, అంటే మంచులా గడ్డకట్టిన ఇంధన వాయువు మీద, పరిశోధన నడుస్తుంది. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు ఆఫీసు, అదే చేప ఆకారంలో కట్టిన బిల్డింగ్, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద పోతుంటే మీరూ చూసే ఉంటారు. ఇవన్నీ ఉన్నది సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలోనే.

లెక్చరర్లైతే ప్రిన్సిపాల్‌తో లెటర్ రాయించి, ముందుగా అనుమతి తీసుకుని, పిల్లలను ఒక రోజు ఇంకాయిస్‌కి తీసుకెళ్లండి. పొద్దున బస్సెక్కితే రాత్రికి తిరిగి రావచ్చు.

సముద్రం లేకుండానే మొదలు పెట్టించండి

ఇది లెక్చరర్ల కోసం, కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే సీటు వచ్చాక కాదు, డిగ్రీలోనే చేయి తిరగాల్సిన పని ఇది.

నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతి మీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేయగలిగిందే. పరిశోధన నౌకల మీద లక్షల ఖరీదు చేసే సెన్సార్లు సరిగ్గా చూపిస్తున్నాయా లేదా అని సరిచూసుకోవడానికి ఇప్పటికీ ఇదే పద్ధతి వాడతారు. ఊరి చెరువు నీళ్లు చాలు. గాజు మూత ఉన్న సీసాను గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా నింపించండి, అసలు నేర్పు అంతా ఇక్కడే ఉంది, పిల్లలు తొందరపడి పోస్తే బుడగ చిక్కుకుంటుంది, రీడింగ్ తప్పిపోతుంది. మాంగనీస్ సల్ఫేట్, దాని వెంటనే క్షార అయొడైడ్ వేస్తే గోధుమ రంగు మడ్డి దిగుతుంది, ఆక్సిజన్ లేకపోతే ఆ మడ్డి తెల్లగానే ఉంటుంది. మూత పెట్టి కలిపి, మడ్డి కిందికి దిగాక సల్ఫ్యూరిక్ ఆమ్లం వేస్తే అంతా కరిగి పసుపు పచ్చ ద్రావణం అవుతుంది, ఇక థయోసల్ఫేట్‌తో టైట్రేషన్, చివర్లో స్టార్చ్ వేస్తే నీలం, ఆ నీలం పోయిన చుక్క దగ్గర ఆపాలి. ఆ చుక్క దగ్గర చేయి ఆపడం వచ్చిన పిల్లను ఏ ల్యాబ్‌కి పంపినా ఫర్వాలేదు.

దీన్ని ఒకసారి చేసి వదిలేయొద్దు. అదే చెరువులో తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి నీళ్లు తీయించండి. రాత్రంతా నీళ్లలోని ప్రాణులన్నీ ఆక్సిజన్ వాడుకుంటాయి, తయారయ్యేది ఉండదు కాబట్టి తెల్లవారేసరికి తక్కువ ఉంటుంది, ఎండలో నాచు, మొక్కలు ఆక్సిజన్ వదులుతాయి కాబట్టి మధ్యాహ్నానికి పెరుగుతుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం చెరువు పట్టిన ముదిరాజ్‌లకు, బెస్తలకు ఎప్పటి నుంచో తెలుసు, పిల్లలను వాళ్లతో కూడా మాట్లాడమనండి. పదిసార్లు తీసిన రీడింగులు నోట్‌బుక్‌లో తారీఖుతో, టైంతో, సంతకంతో ఉంటే రేపు ఇంటర్వ్యూలో అదే సగం మాట్లాడుతుంది.

నల్గొండ పిల్లలకు నీటి కెమిస్ట్రీ కొత్తేం కాదు. ఫ్లోరైడ్ బాధ తరతరాలుగా చూసిన జిల్లా ఇది, పటిక, సున్నం వాడి ఫ్లోరైడ్ తగ్గించే నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్ల పద్ధతికి ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అనే పేరుంది. మన పిల్లలు ఈ మాటను ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సిగ్గుపడతారు, ఎందుకో నాకర్థం కాదు.

ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్స్ వాళ్లకైతే ఆర్గో డేటా ఇవ్వండి. ప్రపంచ సముద్రాల్లో దాదాపు 4 వేల ఆర్గో ఫ్లోట్లు, అంటే వాటంతటవే మునిగి తేలుతూ కొలతలు తీసే పరికరాలు, తిరుగుతున్నాయి. ఒక్కోటి సుమారు 1,000 మీటర్ల లోతులో కొట్టుకుపోతూ ఉంటుంది, పది రోజులకొకసారి 2,000 మీటర్ల దాకా మునిగి పైకొస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచి ఉపగ్రహానికి పంపుతుంది. ఈ డేటా ఎవరికైనా ఉచితం, ఇంకాయిస్ దగ్గర కూడా దొరుకుతుంది. దాన్ని గీసి చూడటానికి ఓషన్ డేటా వ్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు, పైథాన్ వస్తే ఇంకా మంచిది. బంగాళాఖాతంలో ఒక ఫ్లోట్ పట్టుకుని, వానాకాలం అయిపోయాక పైపొర ఉప్పదనం చూడమనండి, గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి లాంటి నదుల నీళ్లు పైన పరుచుకుని ఉప్పు తక్కువ కనిపిస్తుంది. ఆ తేలిక పొర కింది చల్లటి నీళ్లను తేలిగ్గా పైకి రానివ్వదు, తుపాన్లు బలపడటంలో దానికీ పాత్ర ఉంది. కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చుని ఇంతవరకు చూసిన పిల్లకు ఓషనోగ్రఫీ అంటే ఏంటో మనం వేరే చెప్పక్కర్లేదు.

ప్రాజెక్ట్ టాపిక్ కోసం కూడా దూరం పోనక్కర్లేదు. కృష్ణ మన జూరాల దాటి, శ్రీశైలం దాటి, సాగర్ దాటి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. డ్యాముల్లో ఒండ్రు ఆగిపోతుంది కాబట్టి డెల్టాకు చేరే మట్టి బాగా తగ్గింది, తీరం కొన్నిచోట్ల కోసుకుపోతోంది. పాత ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి, తీర రేఖను ఏళ్లవారీగా గీసి పోల్చే పని డిగ్రీ పిల్లలు కూడా చేయగలరు. నాగార్జునసాగర్ పక్కన పుట్టిన పిల్ల కృష్ణ ముఖద్వారం మీద పని చేస్తానంటే "మీకు సముద్రంతో సంబంధం ఏంటి" అని ఎవరూ అడగలేరు.

సర్టిఫికెట్లు, ఇంట్లో వాళ్ల పని ఇదే

అన్నిటికంటే ఎక్కువ సీట్లు పోయేది మార్కులు తక్కువై కాదు, కాగితం సరిగ్గా లేక. మీసేవకు పోయి "క్యాస్ట్ సర్టిఫికెట్" అంటే కౌంటర్‌లో వాళ్లు మామూలుగా రాష్ట్ర ఫార్మాట్‌లో బీసీ-ఏ, బీసీ-డీ అని ఉండేది ఇస్తారు, కేంద్ర సంస్థల్లో అది చెల్లదు. మీరు ప్రత్యేకంగా "సెంట్రల్ ఓబీసీ, నాన్ క్రీమీ లేయర్" అని అడగాలి, చేతికొచ్చాక అక్కడే నిలబడి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు టెన్త్ మెమోతో అక్షరం అక్షరం కలిపి చూసుకోవాలి. రాష్ట్రంలో బీసీగా ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు, కాబట్టి ముందుగా ఆ జాబితాలో మీ కులం ఉందో లేదో చూసుకోండి, లేకపోతే జనరల్‌గానో, అర్హత ఉంటే ఈడబ్ల్యూఎస్‌గానో పెట్టుకోవాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానికే పనికొస్తుంది, అందుకని ఏప్రిల్ రాగానే కొత్తది తీసి పెట్టుకోండి. పిల్ల హాస్టల్లో ఉండి తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగలేదు, అది మీరే చేయాలి.

పరీక్షల క్యాలెండర్ కూడా గోడ మీద రాసి పెట్టండి. సెంట్రల్ యూనివర్సిటీల ఎంఎస్సీకి సీయూఈటీ పీజీ, దరఖాస్తులు ఈ మధ్య ఏళ్లలో డిసెంబర్‌లోనో జనవరిలోనో తెరుచుకుంటున్నాయి, పరీక్ష మార్చి ప్రాంతంలో. ఐఐటీల ఎంఎస్సీకి జామ్, దరఖాస్తు సెప్టెంబర్, అక్టోబర్‌లో, పరీక్ష ఫిబ్రవరిలో. కొచ్చిన్ యూనివర్సిటీ, అంటే కుసాట్, సొంతంగా పరీక్ష పెట్టుకుంటుంది, దాని స్కూల్ ఆఫ్ మెరైన్ సైన్సెస్ ఈ చదువుకు పేరున్న చోటు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, 1950ల నుంచి సముద్రం మీద పని జరిగిన చోటు అది. తమిళనాడులో అన్నామలై యూనివర్సిటీ మెరైన్ బయాలజీ కేంద్రం పరంగిపేటలో, పాండిచ్చేరి యూనివర్సిటీది అయితే పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం). పిల్ల ఫైనలియర్‌లో అడుగు పెట్టిన ఆగస్టు నుంచే ఈ తారీఖులు చూడటం మొదలు పెట్టాలి, డిగ్రీ అయ్యాక చూద్దాం అంటే ఒక ఏడాది ఉత్తిగనే పోతుంది.

దూరం గురించి భయపడే వాళ్లకు: నల్గొండలో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా ఎర్నాకుళంలో దిగొచ్చు, విశాఖకు విశాఖ ఎక్స్‌ప్రెస్, జన్మభూమి ఉన్నాయి.

డబ్బు: ఎంత అని కాదు, ఎప్పుడు అని చూడండి

ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎంఎస్సీ ఫీజు చాలాచోట్ల ప్రైవేటు ఇంజినీరింగ్ ఫీజుతో పోలిస్తే తక్కువే. పిల్లలు ఇబ్బంది పడేది వేరే చోట్ల. సీటు వచ్చాక రెండు, మూడు రోజుల్లో ఫీజు కట్టమంటారు, ఆ రాత్రికి రాత్రి డబ్బు దొరకదు. హాస్టల్ డిపాజిట్, అప్లికేషన్ ఫీజులు, ఇంటర్వ్యూకి గోవాలోని జాతీయ సముద్ర శాస్త్ర సంస్థకు (ఎన్ఐఓ) పోయి రావడం, ఒక లాప్‌టాప్. ఆ తర్వాత పీహెచ్‌డీలో చేరాక మొదటి ఫెలోషిప్ చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు, అప్పటిదాకా రూమ్ కిరాయి, మెస్ బిల్లు ఎవరు కట్టాలి? ఇక్కడే చాలామంది మానేసి ఇంటికొచ్చి ఏదో ప్రైవేట్ స్కూల్లో చేరిపోతారు.

అందుకని ఊళ్లో సాయం చేయాలనుకునే వాళ్లకు నా సలహా ఒక్కటే, సన్మానం చేసి శాలువా కప్పి చెక్కు ఇచ్చే పని మానేసి తిరుగు నిధి ఒకటి పెట్టండి. పది మంది నెలకు వెయ్యి వేసినా చాలు. సీటు ఫీజుకో, ఫెలోషిప్ వచ్చేదాకా ఖర్చులకో వడ్డీ లేకుండా ఇవ్వండి, ఫెలోషిప్ బకాయిలు చేతికొచ్చాక తిరిగి కట్టమనండి, ఆ డబ్బు తర్వాతి పిల్లకు పోతుంది. ఎవరు తీసుకున్నారో పది మందిలో చెప్పకండి, అది చాలా ముఖ్యం.

మిగతావి: ఈపాస్ స్కాలర్‌షిప్ రెన్యువల్ ఏటా మర్చిపోకుండా పెట్టించాలి. పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్ యూజీసీ నెట్‌లో భూమి, వాతావరణం, సముద్రం, గ్రహాలకు కలిపి ఒక సబ్జెక్టే ఉంది, జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్) అయ్యాక రూ.42,000, ఇంటి అద్దె భత్యం వేరు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పిల్లలకు జాతీయ ఫెలోషిప్‌లు విడిగా ఉన్నాయి. బ్యాంకు లోన్ తప్పదంటే పీఎం విద్యాలక్ష్మి చూడండి, జాబితాలో ఉన్న మంచి సంస్థలకు పూచీ లేకుండా ఇస్తారు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి, వేరే స్కాలర్‌షిప్పో వడ్డీ రాయితీయో లేకపోతే 10 లక్షల వరకు లోన్‌కు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. భూమి అమ్మే మాట ఎత్తకముందే ఇవన్నీ చూసుకోవాలి.

చేరాక

తెలుగు మీడియం నుంచి పోయిన పిల్లలు మొదటి సెమిస్టర్‌లో టెన్షన్ పడతారు. సబ్జెక్ట్ రాక కాదు, ఇంగ్లిష్‌లో నోరు తెరవలేక. డిగ్రీ చివరి ఏడాదిలోనే వారానికొక రీసెర్చ్ పేపర్ సారాంశం ఒక పేజీ ఇంగ్లిష్‌లో రాయించి, క్లాసులో నిలబెట్టి చెప్పించండి. తప్పులు పోనీయండి.

రికమండేషన్ లెటర్ అడిగితే "కష్టపడే విద్యార్థిని, క్రమశిక్షణ గల అమ్మాయి" అని రాయకండి సార్, అది అందరికీ రాస్తారు. ఏ చెరువులో ఏం కొలిచింది, ఎన్ని నెలలు కొలిచింది, రీడింగ్ తప్పు వస్తే ఏం చేసింది, అవి రాయండి. కాలేజీ పేరున్న మెయిల్ ఐడీ నుంచి పంపండి, లేకపోతే ప్రిన్సిపాల్‌ను అడిగి ఒకటి పెట్టించుకోండి, విదేశీ దరఖాస్తులకు మామూలు జీమెయిల్ ఐడీ చాలాచోట్ల చెల్లదు.

ట్రైనింగ్ విషయానికొస్తే, ఇంకాయిస్ ప్రాంగణంలోనే యునెస్కో గుర్తింపు ఉన్న ఓషనోగ్రఫీ శిక్షణ కేంద్రం ఉంది, చిన్న కోర్సులు నడుపుతుంది, ఎంఎస్సీలో ఉన్నప్పుడే పెట్టించండి. డిగ్రీ దాకా పోని పిల్లలకు కూడా దారుంది, టెన్త్ అయిన వాళ్లకు సిఫ్నెట్ అనే కేంద్ర సంస్థ చేపల నౌకలు నడిపే కోర్సు, ఇంజిన్ ఫిట్టర్ కోర్సు నేర్పుతుంది, అసలు కేంద్రం కొచ్చిలో, యూనిట్లు చెన్నైలో, విశాఖలో. బయటి దేశాల్లో మాస్టర్స్ చేయాలంటే యూరప్ యూనివర్సిటీలు కలిసి నడిపే ఇంబర్సీ (సముద్ర జీవ వనరుల మాస్టర్స్) లాంటి కోర్సులు, యూరప్ వాళ్ల ఎరాస్మస్ స్కాలర్‌షిప్‌లు చూడండి, మన రాష్ట్రం ఇచ్చే ఓవర్సీస్ విద్యానిధి కింద అర్హత ఉన్న వాళ్లకు 20 లక్షల వరకు వస్తుంది. పాస్‌పోర్ట్ మాత్రం డిగ్రీలో ఉండగానే తీయించండి.

ఇంటికి ఎప్పుడొస్తావని పదే పదే అడగకండి. సముద్రం పని సెలవులు చూసుకుని జరగదు, బతుకమ్మ రోజుల్లోనే శాంపిల్స్ తీయాల్సి రావచ్చు, కురుమూర్తి జాతరకు రాలేకపోవచ్చు. పీహెచ్‌డీ అంటే ఐదేళ్లు, ఆ ఐదేళ్లూ పెళ్లి సంబంధాలు వస్తూనే ఉంటాయి, వాటిని ఆపాల్సింది మీరే, ఆ పిల్లను మాటిమాటికీ ఇరికించొద్దు. "ఆడపిల్ల ఓడ మీద పోవుడేంది" అనే పెద్దమనుషులుంటే, ఎన్ఐఓ సముద్ర శాస్త్రవేత్త అదితి పంత్ 1983లోనే అంటార్కిటికా యాత్రకు పోయిందని చెప్పండి.

పరిశోధన నౌక ఎక్కే రోజు వస్తే, సాగర్ కన్య కావచ్చు, సాగర్ నిధి కావచ్చు, సింధు సాధన కావచ్చు, ముందు మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతారు, పళ్ల నొప్పి లాంటివి ముందే చూపించుకోవాలి, నడి సముద్రంలో డెంటిస్ట్ ఉండడు. సముద్రం పడక వాంతులు మొదటి రెండు, మూడు రోజులు దాదాపు అందరికీ అవుతాయి, మాత్రలు డాక్టర్‌ని అడిగి పెట్టండి. జారని చెప్పులు, చలికి ఒక స్వెటర్, ఎందుకంటే ల్యాబ్‌లో ఏసీ గట్టిగా ఉంటుంది, ఇంకా మామిడికాయ పచ్చడి గట్టిగా మూత పెట్టిన డబ్బాలో. తీరం దాటాక ఫోన్ కలవదు, వారాలు కలవకపోవచ్చు. గైడ్ నంబర్, ల్యాబ్ నంబర్ ముందే రాసి పెట్టుకోండి, ఏదన్నా అవసరం పడితే నౌకకు మాట వాళ్ల ద్వారానే పంపించాలి.